ఉపాసమోళ్ల వరుస

లోకమంతా అన్నాన్ని నమ్ముకుని బతుకుతుంటే, డాక్టర్ విజయేందర్ ముప్పై రెండేళ్లు ఆకలిని నమ్ముకుని బతికాడు. జీతం దాని మీదే, పేరు దాని మీదే, బీరువాలో మడత విప్పని సన్మానపు శాలువాలన్నీ దాని మీదే. తక్కువ తింటే ఎక్కువ బతుకుతాం అన్నది ఆయన కనిపెట్టిన సంగతి. అది మా నాయనమ్మ కూడా చెప్పేది కదండీ అని ఎవరైనా అంటే, మీ నాయనమ్మ ఎలుకల మీద నిరూపించలేదు అనేవాడు. నాయనమ్మ తరఫున వాదించడానికి ఎవరికీ నోరు లేచేది కాదు.

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో తాతలనాటి ఇల్లు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో పరిశోధనశాల. రెంటి మధ్య నడక ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో బేకరీల్లోంచి అప్పుడే తీసిన బిస్కెట్ల వాసన, ఇరానీ హోటళ్ల చాయ్ వాసన, మిర్చీల బండి, లస్సీ దుకాణం, అన్నీ మనిషిని చొక్కా పట్టుకుని ఆపుతాయి. అంత దారిలో రోజుకు రెండుసార్లు, ముప్పై రెండేళ్లపాటు, ఏమీ కొనకుండా నడిచిన మొగోడు హైదరాబాద్‌లో ఇంకొకడుంటే తీసుకొచ్చి చూపించండి.

పెళ్లిళ్లకు వెళ్తే చొక్కా జేబులో చిన్న తరాజు పెట్టుకుని వెళ్లేవాడు. ఒకసారి కాచిగూడలో చుట్టాల పెళ్లి. విజయేందర్ ప్లేటులో అన్నం తూచుకుని, ఎక్కువైన నాలుగు మెతుకులు పక్కకు నెడుతుంటే, పెళ్లికొడుకు తండ్రి వామన్‌రావు చూశాడు. "ఏంది సార్, మా దగ్గర తిండి తక్కువైందని తూస్తున్నరా, ఎక్కువైందని తూస్తున్నరా?" అని అడిగాడు. విజయేందర్ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని అరగంట సైన్సు చెప్పాడు. పాపం, ఆ పెద్దమనిషి కొడుకు తలంబ్రాలు చూడలేకపోయాడు.

సరే, ఆ సైన్సేమిటో మనమూ తెలుసుకోవాలి కదా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఎలుకలను రెండు వరుసలుగా పెట్టాడు. ఎడమ వరుస ఎలుకలకు తిన్నంత మేత. కుడి వరుస పంజరాలకు ఎర్ర చీటీ అంటించి, వాటికి నూటికి అరవై వంతులే. ఎడమ వరుసవి రెండేళ్లు దాటి కొన్ని నెలలు బతికి పోయాయి. ఎర్ర చీటీవి మూడున్నరేళ్లు బతికాయి. అంతకన్నా విచిత్రం, మేత అంత తగ్గినా వాటి బరువు పెద్దగా తగ్గలేదు. అక్కడే విజయేందర్ కళ్లు మెరిశాయి. తక్కువ పెడితే ఒళ్లు పొదుపు నేర్చుకుంటుంది, ఆ పొదుపే ఆయుష్షు అని సిద్ధాంతం కట్టాడు. దానికి 'పొదుపు దేహం' అని పేరు పెట్టాడు. ఆ ఎలుకలు మధ్యాహ్నం ఒంటిగంట వేళకు తెగ చురుగ్గా ఉంటాయని పంజరాల పరికరాలు పట్టిచ్చాయి. దాని మీద ఇంకో వ్యాసం రాశాడు. ఆకలి మెదడుకు పదును పెడుతుందని అందులో తేల్చాడు.

తర్వాత బయటి దేశాలవాళ్లు ఇదే ప్రయోగం చేసి చూశారు. ఆయుష్షు పెరిగింది గానీ ఇంతగా పెరగలేదు. బరువు మాత్రం దిగిపోయింది. వాళ్లకు చేయి తిరగలేదు అన్నాడు విజయేందర్. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు ఎవరు చూపిస్తారు? పైగా ఆయన దగ్గర ఎవరూ కాదనలేని సాక్ష్యం ఇంకోటి ఉంది. అది ఆయనే. ముప్పై నాలుగో ఏట నుంచి పొద్దున రెండువందల గ్రాముల జొన్నరవ్వ ఉడికించిన గటక, మధ్యాహ్నం డబ్బాలో రెండు పుల్కాలు, రాత్రి మళ్లీ రెండువందల గ్రాముల గటక, వెన్న తీసిన మజ్జిగ. ఇన్నేళ్లయినా అరవై రెండు కిలోల మనిషి అరవై రెండు కిలోలే. బీపీ లేదు, షుగర్ లేదు. ప్రతి ఉపన్యాసమూ ఒకే మాటతో ముగించేవాడు, "ఆ వరుసలో ఆఖరి ఎలుకను నేనే" అని. జనం నవ్వి చప్పట్లు కొట్టి, బయట పెట్టిన సమోసాల మీద పడేవారు.

ఇంత సుఖంగా నడుస్తున్న కథలోకి శ్రీవిద్య వచ్చింది. ఖైరతాబాద్ పిల్ల, ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరిన ఆఖరి విద్యార్థి. గురువుగారి ప్రయోగాన్నే కొత్త బిల్డింగులో ఇంకా కట్టుదిట్టంగా చేసి చూపించడం ఆమె పని. కొత్త బిల్డింగులో ఎలుకల గదికి గట్టి తలుపులు, కెమెరాలు. మేత మెషీన్ వేస్తుంది. లోపలికి వెళ్లే మనిషి తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని, పని చేసి బయటికి రావాలి. ఐదేళ్లు గడిచాయి. ఆమె ఎలుకలు సన్నబడ్డాయి. ఆయుష్షు కాస్త పెరిగింది, అంతే. పొదుపు దేహం లేదు, మధ్యాహ్నపు చురుకుదనమూ లేదు.

"నీ చేతిలనే ఉంది తప్పు. మళ్ల చూస్కో," అన్నాడు విజయేందర్.

మళ్లీ చూసుకుంది. అదే వచ్చింది. ఆయన సంతకం పెట్టలేదు. ఆ నెల ముప్పయ్యో తారీఖు శుక్రవారం ఆయన రిటైర్మెంటు. శ్రీవిద్యకు ఇచ్చిన గడువు కూడా ఆ రోజుతోనే ఆఖరు. ఆలోపు సంతకం పడకపోతే ఐదేళ్ల చదువు మూసీలో కలిసినట్టే. ఆ పిల్ల కళ్ల కింద నల్లటి చారలు చూసి విజయేందర్‌కు జాలి వేయకపోలేదు. కానీ తప్పు ప్రయోగానికి సంతకం పెట్టడం ఆయన నియమం కాదు. నియమాల మనిషితో వచ్చిన చిక్కే అది, జాలి వేసినా లాభం ఉండదు.

ఆ వారం సోమవారం ఆఫీసులో ఎవరికో ఒక ఆలోచన వచ్చింది. వీడ్కోలు సభ బ్యానర్ మీద సారు చేతిలో ఎలుకతో ఫొటో ఉంటే బాగుంటుందని. పాత ఎలుకల గదిలో ఆ రెండు వరుసలూ కొత్త ఎలుకలతో ఇంకా నడుస్తున్నాయి, వాటిని యాదవ్వ చూసుకుంటోంది. ఫొటో తీసేవాడు రెండింటికి వస్తానన్నాడు. ఈలోపు మంచి ఎలుకను ఒకదాన్ని ఎంచి పెడదామని విజయేందర్ ఒంటిగంటకు ఆ గదికి వెళ్లాడు. చెబితే నమ్మరు గానీ, ముప్పై రెండేళ్లలో ఒంటిగంట వేళ ఆయన ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. రోజూ ఆ సమయానికి ఆయన తన గదిలో తలుపు వేసుకుని పుల్కాలు తూచుకుంటూ ఉండేవాడు.

యాదవ్వ ఆ లాబ్‌లో ఆయనంత పాతది. ఆలేరు దగ్గరి పల్లె నుంచి పెనిమిటితో పట్నం వచ్చి, చాదర్‌ఘాట్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ, పంజరాలు కడిగే పనికి కుదిరింది. కూలర్ ఉన్న గది అదొక్కటే కాబట్టి మొదటి నుంచీ అక్కడే అన్నం తినేది. ఇక్కడ ఏమీ తినరాదని గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. అది ఇంగ్లీషులో ఉంది. యాదవ్వకు తెలుగే రాదు చదవడం.

విజయేందర్ తలుపు నెట్టేసరికి ఆమె డబ్బా మూత తీస్తోంది. ఆ చప్పుడుకు కుడి వరుసలో ఎర్ర చీటీల పంజరాల్లోని ఎలుకలన్నీ ఒక్కసారిగా లేచి, ముందుకాళ్లతో చువ్వలు పట్టుకుని నిలబడ్డాయి. యాదవ్వ జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది, వరుస వెంట నడుస్తూ ఒక్కోదానికి ఒక్కో తునక అందించింది. ఎడమ వరుస దిక్కు చూడనైనా చూడలేదు. అన్నింటికీ అందాక కింద కూర్చుని, చీర కొంగుతో చేయి తుడుచుకుని తన ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఏం చేస్తున్నవ్ యాదవ్వా?"

"తింటున్న సారు. రండ్రి, కూసోండ్రి."

"అది కాదు. వాటికేం పెట్టినవ్?"

"రొట్టె తునక. రోజు పెట్టేదే గద."

విజయేందర్ పక్కనున్న స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "ఎప్పటిసంది?"

"ఎప్పటిసంది అంటె ఏం జెప్పాలె. నేను పనికొచ్చినప్పటిసంది. గప్పుడు మా నరేశ్ కడుపుల ఉన్నడు. గిప్పుడు వానికే ఇద్దరు పిల్లలు." నీళ్లు తాగి మళ్లీ అందుకుంది. "గా దిక్కున్నోళ్లు కడుపునిండినోళ్లు సారు. వాండ్ల ముంగట మేత పడే ఉంటది. గీళ్లు ఉపాసమోళ్లు. మూత దీస్తె సాలు, గిట్ల లేసి నా చేతి దిక్కే సూస్తయ్. ఆకలి కండ్ల ముంగట తింటె తిన్నది ఒంటవడ్తదా? దిష్టి గాదూ? ముందుగాల వాటికింత ఏస్తెనే నాకు ముద్ద దిగుతది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన సారు. మొదటి వారంలనే చెప్పిన. గివి ఆకలికున్నయ్, జర పెడ్త అని. మీరు కాయితాల మీద ఏందో రాసుకుంట, నీకు తెల్వది, పోయి నీ పని చూస్కో అన్నరు." ఆమె డబ్బాలోంచి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. "పనే చూసుకున్న."

ఆమె గొంతులో భయం లేదు, దాచిన సంగతి బయటపడ్డ కంగారూ లేదు. దాచినదేదీ లేదు కాబట్టి. అడిగేవాడు లేక ముప్పై రెండేళ్లు ఆ సంగతి ఆ గదిలోనే డబ్బా మూత మోగిస్తూ ఉండిపోయింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. విజయేందర్ ఎలుకను పట్టుకుని దాని మీద కొండ కట్టాడు. ఇప్పుడా కొండంతా జొన్నరొట్టె తునక మీద నిలబడి ఉందని తెలిసింది. బరువు ఎందుకు తగ్గలేదో తెలిసింది. అంత ఆయుష్షు ఒట్టి పస్తు ఇచ్చింది కాదనీ తెలిసింది. ఒంటిగంటకు చురుకుదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. బయటి దేశాలవాళ్లకు యాదవ్వ లేదు, అందుకే రాలేదు. శ్రీవిద్య చేతిలో ఏ తప్పూ లేదు. ఈ లాబ్‌లో ఎలుకలను నిజంగా ఆకలితో ఉంచింది ఆ పిల్ల ఒక్కతే. రెండింటికి ఫొటో తీసేవాడు వస్తే, తల నొస్తోందని పంపించేశాడు.

మంగళవారం, బుధవారం ఆయన మామూలుగానే లాబ్‌కు వచ్చిపోయాడు. లోపల మాత్రం బేరం జోరుగా నడిచింది. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. అందులో ఒకరికి ఇదొక సంగతని కూడా తెలియదు. మూడు రోజులు నోరు మూసుకుంటే శాలువా కప్పుతారు, బొకే ఇస్తారు, ఇంటికి వెళ్లిపోవచ్చు. చచ్చిపోయిన ఎలుకలు లేచి వచ్చి సాక్ష్యం చెప్పవు కదా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా బేరం ఆగలేదు.

బుధవారం సాయంత్రం శ్రీవిద్య వచ్చింది. చేతిలో థీసిస్ కాగితాల కట్ట.

"సర్, నేను ఆలోచించిన. తప్పు నా చేతిలోనే ఉందని రాసేసిన. ప్రయోగం సరిగ్గ చేయలేకపోయిన, అందుకే మీ ఫలితం రాలేదు అని ఆఖరి చాప్టర్‌ల పెట్టిన. ఇప్పుడైనా సంతకం పెడ్తరా?"

ఆ పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. 'పరిశోధకురాలి లోపం వల్ల' అని ఉంది. ఐదేళ్లు ఒక్క రోజు కూడా లెక్క తప్పని పిల్ల, తన చేత్తో తనే రాసుకుంది. విజయేందర్ పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. సిగ్గు మెడ మీంచి చెవుల దాకా పాకింది.

"రేపు రా అమ్మా," అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి ఏడయింది. భార్య సౌభాగ్య గటక వడ్డించి, పక్కన తరాజు పెట్టింది. నాంపల్లి బళ్లో పాతికేళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మ ఆమె. తరాజు మీద గిన్నె పెడితే రెండువందల గ్రాములు, ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. విజయేందర్ చెంచా ముట్టలేదు. ఉన్నదంతా చెప్పేశాడు. నా లాబ్‌లో, నా కళ్ల ముందు, నాకు చెప్పకుండా ముప్పై రెండేండ్లు, అని ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

సౌభాగ్య అంతా విని, "యాదవ్వను తిట్టిన్రా?" అని అడిగింది.

"తిట్టలే."

"మంచి పని చేసిన్రు. లేకుంటె నన్ను గూడ తిట్టాల్సొస్తుండె."

విజయేందర్‌కు అర్థం కాలేదు. సౌభాగ్య లేచి వంటింట్లోకి వెళ్లి, పప్పుల డబ్బాల వెనక నుంచి ఒక జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. మూత తీసేసరికి గుమ్మని నెయ్యి వాసన. ఇరవై ఆరేళ్లుగా తన గటకలో ఉన్న వాసన. జొన్నల్లోని సహజ సువాసన అని ఆయన రెండు ఉపన్యాసాల్లో కూడా చెప్పాడు.

"రవ్వను దీంట్ల వేయించి వండుత. బాదం పొడి గూడ కలుపుత. మజ్జిగల వెన్న తీస్తనని చెప్పిన గని ఎన్నడు తీయలే. మీ తరాజు బరువే చెప్తది, లోపల ఏమున్నదో చెప్పదు గద."

"నా మీద నీకు నమ్మకం లేదా సౌభాగ్యా?"

"మీ మీద ఉంది. తరాజు మీద లేదు. నా ముందట కూసోని ఇంత గటక తాగి లేస్తుంటే, నేను పల్లెం నిండ అన్నం పెట్టుకోని ఎట్ల తినాలె? ముద్ద దిగలే. ఇరవై రోజులు చూసిన. ఇరవై ఒకటో రోజు నెయ్యి పోసిన."

"రోజుకెంత?"

"ఎంతేంది. చేతికొచ్చినంత."

విజయేందర్‌కు కోపం వచ్చింది. చాలా వచ్చింది. వరండాలోకి వెళ్లి అరగంట నిలబడ్డాడు. గల్లీ చివర ఆటోవాళ్లు చాయ్ తాగుతున్నారు. ఇరవై ఆరేళ్లుగా వాళ్లలాంటివాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు, పాపం నోరు కట్టుకోలేరని. తను కట్టుకున్నదీ లేదు. ఆకలిని జయించానని ఊరూరా చెప్పుకున్నవాడికి ఆకలంటే ఏమిటో ఒక్క పూట కూడా తెలియనివ్వలేదు ఈ ఆడవాళ్లు. కోపం అలా తిరిగి తిరిగి, చివరికి ఎవరి మీద ఉండాలో తెలియక దిగిపోయింది. లోపలికి వచ్చి చల్లారిన గటక తిన్నాడు. తరాజు మీద పెట్టకుండా ఇంకో గరిటె అడిగాడు. సౌభాగ్య వేసింది.

మర్నాడు పొద్దున్నే శ్రీవిద్యను పిలిచి, ముందు ఆ ఆఖరి చాప్టర్ పీకి పారేయమన్నాడు. తర్వాత తన వ్యాసాలు అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాద్దాం, టైప్ చేయమన్నాడు. సంగతేమిటో ఆ పిల్లకు అప్పుడే మొదటిసారి చెప్పాడు. కళ్లనిండా నీళ్లు వచ్చాయి. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక టైప్ చేస్తూనే ఉంది.

ఎర్ర చీటీల ఎలుకలకు లెక్కలో చూపని ఆహారం రోజూ అందిందని రాశారు. ఎంత అందిందో కూడా రాయాలి కదా, సైన్సు అన్నాక. యాదవ్వను పిలిపించారు. విజయేందర్ తన జేబు తరాజు బల్ల మీద పెట్టి, రోజూ పెట్టేంత రొట్టె దీని మీద పెట్టమన్నాడు.

యాదవ్వ తరాజు వంక చూసింది. "ఉత్త బల్ల మీద ఎట్ల పెడ్త సారు? ఎలుకను సూడాలె. బాగ ఆకలికున్నదానికి పెద్ద తునక, జర నిమ్మళంగున్నదానికి చిన్నది. తూసి పెడ్తె దిష్టి వోతదా?"

"ఉజ్జాయింపుగనైనా చెప్పు."

"ఆకలి మందం, దేనికెంత సాలుతదో గంత పెట్టిన. గంతే." అని పంజరాలు కడగాలంటూ వెళ్లిపోయింది.

విజయేందర్ బల్ల మీది ఖాళీ తరాజును పక్కకు జరిపాడు. తర్వాత, "పరిమాణం తెలియదు అని రాయమ్మా," అన్నాడు. ఆయనవి అచ్చయిన నూట పదకొండు వ్యాసాల్లో ఆ మాట ఎక్కడా లేదు. శ్రీవిద్య రాసింది. అయిపోయిందనుకుని సంతకం కోసం కాగితం తీయబోతుంటే ఆయన ఆపాడు. ఇంకో పేరా ఉందన్నాడు.

రచయిత తన ఉపన్యాసాల్లో తన దేహాన్ని కూడా సాక్ష్యంగా చూపాడని, అది కూడా చెల్లదని, రచయితకు ఇరవై ఆరేళ్లుగా ఆయనకు తెలియకుండా ఇంట్లో నెయ్యి, బాదం అందాయని చెప్పాడు.

శ్రీవిద్య ముఖం ఎత్తింది. "ఇది అవసరమా సర్? పత్రికవాళ్లు మీ సంగతి అడగలేదు గద. నవ్వుతరు."

"నవ్వనియ్యి. ఆఖరి ఎలుకను నేనే అని ఊరంత చెప్పుకుంట తిరిగిన. దాని మేత లెక్క గూడ తప్పే గద అమ్మా."

"మరి దీనికి పరిమాణం?"

విజయేందర్ జేబు తరాజు తీసి సొరుగులో పడేశాడు.

"అదీ తెలియదు," అన్నాడు. ముందు ఆమె థీసిస్ మీద సంతకం పెట్టి, ఆ తర్వాత ఉత్తరం మీద పెట్టాడు.